విమానం పెనం

పొద్దున పాండిచ్చేరి లాస్‌పేటలో టీ బంకు దగ్గర నలుగురం నిలబడి ఒకే ఫోనులోకి తొంగిచూస్తున్నాం. ఎక్కడో కొండల్లో చిన్న విమానం కూలింది. దట్టమైన పొగమంచు, ఎదురుగా కొండ ఉన్నదే కనపడలేదట. చెట్ల మధ్య తెల్లటి తోక ముక్క, దాని చుట్టూ జనం, ఆ జనంలో సగం మంది చేతుల్లో మళ్ళీ ఫోన్లు. వీడియో అయిపోగానే ఫోను పట్టుకున్నతను దాన్ని మళ్ళీ మొదటికి తిప్పాడు. నా చేతిలో అరటికాయ బజ్జీ ఉంది. మొదటిసారి చూసినప్పుడు నమలడం ఆపాను. రెండోసారికి బజ్జీని చట్నీలో ముంచుకున్నాను.

మా వీధి చివర ఇంటాయన, నాకంటే చిన్నవాడు, టీ ఊదుకుంటూ అన్నాడు:

"మంచంట, మంచు! తాగుంటాడు అన్నా వాడు. మన తట్టాంచావడికి అప్పట్లో రాలేదా, పడిపోయిన విమానం, తునకలు తునకలుగా లారీలో? దాంట్లో బ్రాందీ సీసా దొరకలేదా? మా నాయన కళ్ళారా చూసినాడు."

నోట్లో ఉన్నది మింగలేక పక్కకు వెళ్ళి కాలవలో ఉమ్మేశాను. నోరు పుక్కిలించుకున్నాను. తిరిగి వచ్చి, మిగిలిన టీ తాగి ఇంటికొచ్చాను. వాళ్ళ నాయన చూసిన మాట నిజమే. ఆ సీసాను అక్కడ పెట్టింది నేను.

మా పెదనాన్నకు తట్టాంచావడిలో ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత అల్యూమినియం కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, పొంగణాల పెనాలు చేసేవాడు. ఏడు గుంటలు, పక్కన రెండు చెవులు. షెడ్డులో అడుగుపెడితే ముందు బొగ్గు వాసన, తరవాత తడి ఇసుక, ఆ ఇసుకలో కలిపే బెల్లపు మడ్డి పులిసిన వాసన. సెలవుల్లో నన్ను అక్కడే పడేసేవాళ్ళు. మా నాన్న మిల్లులో షిఫ్టుకు పోతూ, "వీధులెంట తిరక్కండా పెదనాయన దగ్గరుండు" అని సైకిలు మీంచి దించి పోయేవాడు.

షెడ్డు గుమ్మం దగ్గర పెద్దమ్మ పొయ్యి. ఆమె వ్యాపారమంతా పిండితోనే. పులిసిన ఇడ్లీ పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆవాల తాళింపు కలిపి, కొత్త పెనంలో పోసి, వచ్చినవాళ్ళ ఎదుటే తిప్పి, అరటాకు ముక్కలో రెండు పొంగణాలు పెట్టి ఇచ్చేది. అంటుకోకుండా ఊడి వచ్చాయా, పెనం అమ్ముడైనట్టే. తినకుండా ఎవరినీ పోనిచ్చేది కాదు. పెనం కొన్నా సరే, కొనకపోయినా సరే. పొయ్యి పక్కన గోనెసంచి మీద మా అవ్వ కూర్చునేది. చెవులు సరిగా వినపడవు, పళ్ళు లేవు, ఆకలి మాత్రం పడుచుదానిది. ప్రతి కొత్త పెనంలో మొదటి వాయి ఆమెకు. చిగుళ్ళతో నమిలి తల ఊపితే ఆ పెనం బయటికి వచ్చేది.

ఆ వేసవిలో వచ్చింది ఆ లారీ. పడమటి కొండల్లో అంతకు ముందు చలికాలం ఒక చిన్న విమానం కూలిందని పేపర్లో వచ్చింది. నడిపేవాడొక్కడే ఉన్నాడు, చనిపోయాడు. ఆఫీసులవాళ్ళు వాళ్ళకు కావలసినవి తీసుకుపోయాక మిగిలినదాన్ని పాత ఇనుము వ్యాపారి ఒకాయన కొని, అక్కడే గొడ్డళ్ళతో నరికించి, చిన్న చిన్న షెడ్లకు పంచాడు. మా వాటా షెడ్డు వెనక కుమ్మరించారు. నలిగిన రేకులు, లోపలి వైపు పసుపుపచ్చ పూత, వరసలు వరసలుగా రివెట్లు. కొండమట్టి ఎర్రగా ఎండి అంటుకుని ఉంది. ఒక సీటు ముక్కకు స్పాంజి ఇంకా వేలాడుతోంది, దాని నిండా చీమలు.

దాన్ని కరిగించిన రోజుల వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. రంగు కాలి, స్పాంజి కాలి, జిడ్డు పొగ లేచి గోడలకు పట్టేది. వేలితో గీస్తే నల్లటి మైనంలా వచ్చేది. పెదనాన్న లోహం కరిగే మూసలో పైకి తేలిన మడ్డిని గరిటెతో తీసి పారేస్తూ తిట్టుకునేవాడు.

"ఇదేం సరుకురా, తంబి. పోత పోస్తే నల్లంగా వస్తా ఉండాది. ఎవురు కొంటారు?"

నిజమే. ఎన్ని పాత గిన్నెలు కలిపి కరిగించినా ఆ పెనాలు మసక రంగులోనే వచ్చాయి. మొదటి వాయి పొంగణాల అడుగున నలుపు అంటుకుంది. మా అవ్వ మాత్రం తల ఊపింది.

"పడిపోయిన విమానమైతే ఏందిరా? పొంగణం బాగా పొంగినాది. ఇంకో రెండు పెట్టవే."

ఆ నల్ల పెనాలకు విమానం పెనం అని పేరు పెట్టింది నేను. వచ్చినవాళ్ళు పెనం తిప్పి చూసి ముఖం చిట్లిస్తే, "ఇది మామూలు అల్యూమినియం కాదక్కా, ఆకాశంలో ఎగిరింది" అనేవాణ్ణి. లాస్‌పేటలో రన్‌వే ఉన్నా మా చిన్నతనంలో దాని మీద విమానాల కంటే మేకలే ఎక్కువ తిరిగేవి. విమానాన్ని ముట్టుకోవాలని ఎవరికుండదు? నన్ను వెనక్కి తీసుకుపోయి చూపించమనేవాళ్ళు. నేను కూలిన కథ చెప్పేవాణ్ణి. చెప్పడం నాకు బాగా వచ్చు. చేతులు రెక్కల్లా చాపి, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ చెప్పేవాణ్ణి. ముగింపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ చప్పబడిపోయేది. మంచు. మంచు వల్ల కొండ కనపడలేదు. అంతే.

మాది సముద్రపు ఊరు. మాకు తెలిసిన మంచు మార్గశిరంలో తెల్లారుజామున ముగ్గు మీద పడే తడి. కాలాపేట నుంచి చేపల గంపతో వచ్చే ఒకామె కథంతా విని, పొంగణం బుగ్గన పెట్టుకుని నవ్వింది.

"మంచుకి సస్తాడా ఎవుడైనా? మా ఇంటాయన రోజూ చీకట్లో సముద్రంలోకి పోయి వస్తా ఉండాడు. తాగినాడని చెప్పు, నమ్ముతాను."

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. మా ఊళ్ళో అది మామూలు మాట. చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు బస్సెక్కి వచ్చి తాగిపోయే ఊరు. లారీ కాలవలో పడినా, సైకిలు గోడకు గుద్దుకున్నా, మనిషి మెట్ల మీంచి జారినా, అందరికీ ముందు తోచే కారణం ఒకటే. ఇంకో కారణం చెబితే నమ్మరు సరికదా, ఏదో దాస్తున్నామనుకుంటారు.

ఆ సాయంత్రమే సారాయి కొట్టు వెనక కాలవలో నుంచి ఒక చిన్న బ్రాందీ సీసా ఏరుకొచ్చాను. లోపల ఈగలు చచ్చి ఉన్నాయి. కడగలేదు. కొలిమి నోటి దగ్గర పట్టి పొగ చూరేలా చేశాను. తునకల మధ్య పడుకోబెట్టి, వాటిలో నుంచి బయటపడినట్టు నేనే అరిచాను. పెదనాన్న నా ముఖం చూసి ఒక్క క్షణం ఆగాడు. తరవాత ఆ సీసాను తనే తీసి, తక్కెడ పక్కన అందరికీ కనపడేలా పెట్టాడు.

దాంతో కథ మారిపోయింది. చెప్పేకొద్దీ పెరిగింది. తాగి పాటలు పాడుకుంటూ నడిపాడన్నాను. రేడియోలో కింది వాళ్ళను బూతులు తిట్టాడన్నాను. చివరికి, కొండ మీదికి పోయినవాళ్ళకు తెగిపోయిన చెయ్యి ఒక్కటే దొరికిందని, దాని వేళ్ళు సీసాను వదల్లేదని చెప్పాను. జనం నోరు తెరిచి వినేవాళ్ళు. తెరిచిన నోట్లో నమిలిన పొంగణం కనపడేది. "సీ!" అనేవాళ్ళు, ఇంకోటి అందుకునేవాళ్ళు. నేనూ తింటూనే చెప్పేవాణ్ణి, వేళ్ళకంటిన నూనె నాక్కుంటూ. పెనాలు పోసినవి పోసినట్టు అమ్ముడుపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక, సముద్రపు గాలి తిరిగిన వేళ, ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి, చెప్పుల అంచుల్లో ఎండిన ఎర్రమట్టి. షెడ్డు లోపలికి చూస్తూ గుమ్మంలోనే నిలబడ్డాడు. కొత్తగా హోటలు పెట్టేవాడేమో అనుకుంది పెద్దమ్మ.

"రండయ్యా, కూకోండి. తిని చూడండి ముందు."

"తెలుగువాళ్ళా అమ్మా మీరు?" అన్నాడాయన. ఆయన తెలుగు మా ఇంటి తెలుగులా లేదు, రేడియోలో వార్తల్లా ఉంది.

"ఇంట్లో తెలుగే. మా తాతల కాలం నించి ఈడనే ఉండాము. తీసుకోండి."

వద్దనబోయి, ఆమె చెయ్యి చాపే ఉండడం చూసి, ఆకు అందుకున్నాడు. పెనాల గురించి అడుగుతాడని చూశాను. అడగలేదు. "కొండల్లో పడిన విమానం ముక్కలు ఇక్కడికి వచ్చాయని చెప్పారు" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి? చేతులు చాపాను. ఇంజను చప్పుడు చేశాను. పాటలు, బూతులు, అన్నీ చెప్పాను. ఆయన ఒక పొంగణం సగం కొరికి వింటున్నాడు. మధ్యలో నన్ను ఆపలేదు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు గట్టిగా బిగించి చూపించాను.

"సచ్చినా సీసా వదల్లేదయ్యా వాడు. ఇదో, ఇదే ఆ సీసా."

ఆయన నోట్లో ఉన్నది నమిలాడు. మింగాడు. ఆ గొంతు కదలడం చూశాను.

"నువ్వు చూశావా బాబూ?"

"చూసినా. ఆ తునకల్లోనే ఉండినాది. నేనే తీసినా."

"ఆ విమానం నడిపినవాడు మా అబ్బాయి."

పెద్దమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగింది. పెనంలో పొంగణాలు మాడుతున్నాయి. ఎవరూ మాట్లాడకపోవడం చూసి అవ్వ గోనెసంచి మీంచి అరిచింది: "ఏమంటాడు? బాగుండాదంటనా? ఇంకో రెండు పెట్టవే ఆయనకి, పావం, ఎండన పడి వచ్చినట్టుండాడు!"

ఆయన ఆకును ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశాడు. కింద పారేస్తే పెట్టినవాళ్ళను అవమానించినట్టవుతుందనుకున్నాడో ఏమో, మిగిలినదానితో సహా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తెల్ల గుడ్డ మీద నూనె మరక మెల్లగా పాకింది. తరవాత సీసాను తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"చదువుకుంటున్నావా?"

"ఊ."

"ఈ లేబుల్ మీద కిందున్నది చదువు."

ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. పొగ చూరినా కనపడుతున్నాయి. పాండిచ్చేరిలో మాత్రమే అమ్మకానికి, అని ఉంది. నేను చదివాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన మళ్ళీ చదవమనలేదు.

పెదనాన్న చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఆయన ఇప్పుడు నిజం చెబుతాడని నేను భయపడ్డాను.

"అట్ల కాదయ్యా, మా లాస్‌పేటలో కూడా రన్‌వే ఉండాది. ఎప్పుడన్నా దిగినప్పుడు కొనుక్కోని పోయుంటాడు, తెలీదు కదా..."

"మా వాడు ఈ ఊరు ఎప్పుడూ రాలేదండి" అన్నాడాయన. కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. "తాగడు అని నేననను. పెళ్ళిళ్ళలో, స్నేహితులతో తాగేవాడు. ఆ రోజు తాగలేదు. రక్త పరీక్షలో తేలింది. అది తేలేదాకా మా ఊళ్ళో అందరూ ఇదే మాట అన్నారు. వాళ్ళమ్మ గుమ్మం దాటి బయటికి రాలేదు. తేలాక నోళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ ఇక్కడ మొదలైందా?"

పెదనాన్న తల దించుకున్నాడు. పెద్దాయన తను వచ్చిన పని అప్పుడు చెప్పాడు. కొండ మీదికి వెళ్ళాడట. అక్కడ విరిగిన చెట్లు తప్ప ఏమీ లేవట. ముక్కలు ఎవరెవరికి పోయాయో అడుగుతూ ఇక్కడిదాకా వచ్చాడు. ఏదైనా మిగిలితే ఒకటి ఇంటికి తీసుకుపోదామని.

ఏం మిగిలింది? మిగిలినదంతా గుమ్మంలో పెనాలై పేర్చి ఉంది. పెదనాన్న మడ్డి కుప్పలో వెతికి, కరగకుండా పడి ఉన్న ఉక్కు బకిల్ ఒకటి తీశాడు, సీటు బెల్టుది. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి దాన్ని తక్కెడలో వేసింది. తక్కెడ ఒకవైపు ఒరిగింది. పాము మీద చెయ్యి వేసినట్టు వెనక్కి లాక్కుని, దాన్ని పంచె అంచుతో తుడిచి రెండు చేతులతో ఇచ్చాడు. పెద్దాయన దాన్ని సంచిలో వేసుకున్నాడు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చాడు.

"పెనాలు అమ్ముకోండి బాబూ. నేను కాదనను. లోహం లోహమే. ఎవరైనా అడిగితే మాత్రం, మంచు అని చెప్పు. అంతే. చెబుతావా?"

"చెప్తాను" అన్నాను.

ఆయన రోడ్డు మలుపు తిరిగేదాకా పెద్దమ్మ కదల్లేదు. తిరగ్గానే గరిటె కాడతో నా వీపు మీద ఒకటి వేసి, సీసాను రోడ్డవతలి రాయి మీద విసిరికొట్టి, కూర్చుని ఏడ్చింది. "ఆయన చేత తినిపించినానే, ఆ పెనంలోదే తినిపించినానే" అని అదే మాట. పెదనాన్న, "సుమ్మా ఉండవే, వాడొక్కడేనా చేసింది?" అని లోపలికి పోయాడు. మాడిన పొంగణాలు అవ్వ తినేసింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథను నేను ఎప్పుడో ఎవరికో చెప్పుకుని ఉండేవాణ్ణి. చిన్నప్పుడు తప్పు చేశాను, ఒక పెద్దాయన బుద్ధి చెప్పాడు, అని. జనం కూడా మెచ్చుకునేవాళ్ళు.

మర్నాడు బస్టాండు దగ్గర హోటలాయన వచ్చాడు. పెనాలు ఎక్కువ కావాలన్నాడు. సీసా ఏదని అడిగాడు. మాటిచ్చాను కదా, చెప్పాను.

"సీసా లేదు మామా. మంచు వల్ల పడింది. నడిపినాయన తాగలేదంట."

ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది. అవమానం జరిగినట్టు చూశాడు. "పోరా, దీనికోసమా ఇంత దూరం వచ్చింది?" అని పెనాన్ని తిప్పి చూసి, నల్లగా ఉందని పక్కన పెట్టి, స్కూటరు వైపు నడిచాడు. పెదనాన్న నావైపు చూశాడు. నన్ను ఎవరూ పంపలేదన్న మాట నేను ఇక్కడ గట్టిగా చెప్పాలి. "ఉండండి మామా, చూపిస్తాను" అని నేనే అరిచి, సారాయి కొట్టు వెనక్కి పరుగెత్తాను. అక్కడ సీసాలకు కొదవ లేదు. ఒకటి ఏరాను. గోడకు ఆనుకుని, గోళ్ళతో దాని లేబుల్ మొత్తం గీకేశాను. జిగురు కూడా మిగలకుండా ఇసుకతో రుద్దాను. తరవాత పొగ పట్టించాను.

ఆ పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే.

పెద్దమ్మ నన్నూ సీసానూ చూసింది. గుంటల్లో నూనె వేసి పిండి పోసింది. ఆ వేసవి పూర్తయ్యేసరికి షెడ్డులో ఒక్క నల్ల పెనం కూడా మిగల్లేదు.

పెద్దయ్యాక ఉద్యోగం నన్ను చాలా ఏళ్ళు ఆంధ్రాలో ఉంచింది. ఈ తెలుగు అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను, మా ఊరి బడిలో చెప్పింది తమిళమే. ఒకసారి అక్కడి ఘాట్ రోడ్డులో బస్సును మంచు కమ్మింది. కిటికీలో నుంచి చెయ్యి బయటపెడితే మోచేతి అవతల నా చెయ్యి నాకు కనపడలేదు. డ్రైవరు బస్సు ఆపేసి, ఇంజను కట్టేసి, ఊరికే కూర్చున్నాడు. వెనక ఎవరో, తాగాడేమో చూడండి అన్నారు. బస్సంతా నవ్వింది. నేను తల బయటపెట్టి వాంతి చేసుకున్నాను. ఘాట్ రోడ్డు పడలేదనుకుని పక్కాయన నిమ్మకాయ ఇచ్చాడు. తీసుకుని వాసన చూస్తూ కూర్చున్నాను. ఆ డ్రైవరు తరపున ఒక్క మాట అనలేదు.

మా పెదనాన్న, పెద్దమ్మ, అవ్వ, అందరూ పోయారు. షెడ్డు పోయింది. ఆ పెద్దాయన కూడా పోయే ఉంటాడు. ఆయన నన్ను అడిగింది కష్టమైన పనేం కాదు. కనుక రాస్తున్నాను. ఆ రోజు ఆ కొండ మీద మంచు కమ్మింది. విమానం నడిపినవాడు తాగలేదు. సీసాలు రెండూ మా ఊరివి, రెండూ నేనే పెట్టాను.

దీన్ని కూడా పెద్ద పశ్చాత్తాపంగా లెక్కవేయకండి. ఆ అబద్ధాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో, వీధిలో మాట్లాడే తమిళంలో, వచ్చిన ప్రతి మనిషికీ నోటితో చెప్పాను. నిజాన్ని మాత్రం రాసి చెబుతున్నాను. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.